గుడ్డ కారు కవరు ఉతకడం, ఆరబెట్టడం: మెషిన్‌లో వెయ్యొచ్చా, చేత్తోనే ఉతకాలా?

బూడిదరంగు సెడాన్ (ప్రశ్న)

సెడాన్ సైజు గుడ్డ కవరు. పైన వెండిరంగు, లోపల తెల్లటి నూగు. వాడేది ఆరుబయట. లగేజీ తూచే కొక్కెం త్రాసుకు తగిలిస్తే పొడిగా 2.9 కిలోలు చూపిస్తోంది. ఉతుకు గుర్తులుండే చీటీ అరిగిపోయింది, చదవడానికి రావట్లేదు.

పైన బాగా దుమ్ము, మూడు నాలుగు చోట్ల పిట్టల రెట్ట, బానెట్ మీదికి వచ్చే భాగంలో చెట్టు జిగురు. కింద ఎలాస్టిక్ ఉన్న అంచు మడతలో నల్ల చుక్కలు, ముక్కిన వాసన.

ఇంట్లో ఉన్నది 7 కిలోల టాప్ లోడ్ మెషిన్. కవరు 3 కిలోలే కదా, అందులో వేసేయొచ్చా? లేకపోతే కారు మీద ఉండగానే పైపుతో కడిగి, అక్కడే ఆరనిస్తే సరిపోతుందా? ఏ సబ్బు, ఎంత?

నురగ

ముందు అది ఏ గుడ్డో తేలాలి. "గుడ్డ కవరు" అన్న ఒక్క పేరుతో అమ్మేవి కనీసం నాలుగు రకాలు. సబ్బు దగ్గర్నుంచి ఎండ దాకా ఒక్కోదానికీ లెక్క వేరు. చీటీ పోయినా పావుగంటలో తేల్చుకోవచ్చు.

పై పొరను కంటికి దగ్గరగా పెట్టి చూడండి. నిలువు, అడ్డ దారాల అల్లిక కనిపిస్తే పాలిస్టర్ లేదా నూలు. దారాలే లేకుండా దళసరి కాగితంలా ఉండి, చిన్న చిన్న చుక్కలు వరసగా ఒత్తినట్టు కనిపిస్తే అది నాన్‌వోవెన్, చాలావరకు పాలీప్రొపిలీన్. అనుమానంగా ఉంటే లోపలి కుట్టు అంచులోంచి బియ్యపుగింజంత ముక్క కత్తిరించి, పొరలు విడదీసి, సబ్బు చుక్క వేసిన గ్లాసు నీళ్లలో వేళ్లతో నలిపి వదలండి. నీటి సాంద్రత 1 అనుకుంటే పాలీప్రొపిలీన్‌ది 0.91 దగ్గర ఉంటుంది కాబట్టి తేలుతుంది. పాలిస్టర్‌ది 1.38, మునుగుతుంది. సబ్బు చుక్క మానేస్తే మాత్రం గాలి బుడగలు పట్టుకుని పాలిస్టర్ కూడా తేలి మోసం చేస్తుంది.

తర్వాత గుడ్డను నోటికి గట్టిగా ఆనించి ఊదండి. గాలి అవతలికి తగిలితే పూత లేని గుడ్డ. బుగ్గలు ఉబ్బడమే తప్ప గాలి దాటకపోతే లోపల పూతో, సన్నటి ఫిల్మో ఉంది. మెషిన్ సంగతి తేల్చేది ఈ పరీక్షే.

పాలీప్రొపిలీన్ అయితే వేడి పనికిరాదు. అది కరిగేది 160 డిగ్రీల సెల్సియస్ దాటాకే అయినా, అంతకు చాలా ముందే ముడుచుకుపోయి గట్టిపడుతుంది. చల్లటి నీళ్లు, మహా అయితే 30 డిగ్రీలు. పూత ఉన్న పాలిస్టర్‌కూ అంతే. నూలు ఫ్లానెల్ కవర్లు వేడినీళ్లలో కుంచించుకుపోతాయి, తర్వాత అంచు బంపర్ కిందికి రాదు. సాగే కవర్లలో స్పాండెక్స్ ఉంటుంది, దానికి క్లోరిన్ బ్లీచ్ విషం.

ఇక ఉతకడం. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: బయటి మట్టి లోపలి నూగులోకి పోకూడదు. పెయింటును తాకేది ఆ నూగే. తొట్టిలో ముంచి కలియబెడితే పైనున్న ఇసుకంతా నీళ్లలో కలిసి నూగులో చేరుతుంది. అక్కడ చేరిన ఇసుక రేణువు బయటికి రావడం కష్టం, గీతలు మాత్రం కవరు వేసి తీసిన ప్రతిసారీ పడతాయి. అందుకే మీలాంటి నూగు కవరును తొట్టిలో కాకుండా నేల మీద పరిచి, ముందు పైవైపు, తర్వాత లోపలివైపు విడివిడిగా ఉతకాలి.

ఆ జాగ్రత్త కారు మీద నుంచి తీసేటప్పుడే మొదలవుతుంది. రెండు పక్కల అంచులూ పైకి ఎత్తి రూఫ్ మీదికి మడవండి. తర్వాత ముందు నుంచి, వెనక నుంచి చుట్టుకుంటూ మధ్యకు రండి. బయటి ముఖం బయటి ముఖానికే తగలాలి. ఒక మూల పట్టుకుని ఈడ్చేస్తే దుమ్మంతా పెయింటు మీదే రుద్దినట్టు.

కారుకు దూరంగా తీసుకెళ్లి దులపండి. 5 మీటర్లు, 4 మీటర్ల పట్టా కొంచెం వాలుగా ఉన్న నేల మీద పరచండి. వాలు లేకపోతే మురికినీళ్లు కవరు కిందికి చేరి మళ్లీ నూగులోకి పీల్చుకుంటాయి. పైవైపు పైకి ఉండేలా కవరు పరచి, పొడిగా ఉండగానే మెత్తటి బ్రష్‌తో ఊడ్చండి. వ్యాక్యూమ్ ఉంటే ఇంకా మంచిది. తడిపాక దుమ్ము బురదవుతుంది, పొడిగా ఊడ్చినదాంట్లో సగం కూడా అప్పుడు పోదు.

10 లీటర్ల బకెట్ నీళ్లకు 10 మిల్లీలీటర్ల లిక్విడ్ డిటర్జెంట్, అంటే రెండు టీస్పూన్లు. అంతకు మించి వద్దు. పౌడర్ వద్దు, చల్లటి నీళ్లలో సరిగా కరగని పలుకులు నూగులో ఇరుక్కుంటాయి. పైపుతో తడిపి, మెత్తటి బ్రష్‌తో ఒక్కో చదరపు మీటరు చొప్పున తేలిగ్గా రుద్ది, ఆరకముందే మధ్య నుంచి అంచులకు కడిగేయండి. మొత్తం కడిగాక పట్టాను కూడా కడిగి, కవరు తిరగేయండి. లోపలి నూగుకు బ్రష్ తగలనివ్వొద్దు. స్పాంజితో అద్దుతూ, నొక్కుతూ పోవాలి. రుద్దితే నూగు ఉండలు కడుతుంది.

జాడించడం దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. అంచు నుంచి కారే నీళ్లను పారదర్శకంగా ఉన్న సీసాలో సగం దాకా పట్టి, మూత పెట్టి గట్టిగా పదిసార్లు ఊపండి. పైన పేరుకున్న నురగ ఐదారు సెకన్లలో పోతే సబ్బు పోయినట్టు. నురగ దుప్పటిలా నిలబడితే మళ్లీ జాడించాలి. మిగిలిన సబ్బు రెండు నష్టాలు చేస్తుంది: వాన పడ్డప్పుడు నీరు జారకుండా గుడ్డలోకి ఇంకేలా చేస్తుంది, తర్వాత అదే సబ్బు పెయింటు మీద చారలై ఆరుతుంది.

ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ ఏ రకానికీ వద్దు. దారాల మీద మైనంలాంటి పొర వేసి గాలి రంధ్రాలను మూసేస్తుంది. కవరు మెత్తబడ్డట్టే ఉంటుంది, పని చెయ్యడం మానేస్తుంది.

కుట్టుబల్ల

నురగ గారు చెప్పినదానికి మెషిన్ సంగతి కలుపుతాను.

7 కిలోల మెషిన్ అంటే 7 కిలోల పొడిబట్టలు అన్నమాట నిజమే. కానీ ఆ లెక్క చొక్కాలకు, తువ్వాళ్లకు. 3 కిలోల కవరు ఒకే ముక్క. డ్రమ్ములో తిరగబడడానికి చోటుండదు, నీళ్లు మధ్య మడతలకు చేరవు. పైన మాత్రం తడిసి, లోపల మురికి అలాగే ఉంటుంది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం స్పిన్‌లో ఉంది. ఊదితే గాలి దాటని గుడ్డను స్పిన్‌లో వేస్తే నీళ్లు బయటికి పోవడానికి దారి ఉండదు. గుడ్డ సంచిలా మారి నీళ్లను పట్టుకుంటుంది. డ్రమ్ము వేగం అందుకున్నాక ఆ సంచి ఒక్కసారిగా జారినా తెరుచుకున్నా బరువంతా ఒక పక్కకు పోతుంది. మెషిన్ ఎగిరెగిరి పడుతుంది, బేరింగులు పోతాయి, టబ్బు పగలొచ్చు, మనిషి పక్కనుంటే దెబ్బ తగలొచ్చు. అందుకే చాలా మెషిన్ల పుస్తకాల్లో నీరు దాటని బట్టలు వెయ్యవద్దని రాసి ఉంటుంది. స్పిన్ ఆపేసి ఉతుకు మాత్రం పెట్టుకుంటాం అంటారా, నీళ్లు నిండిన కవరును టాప్ లోడ్‌లోంచి పైకి లాగేటప్పుడు కుట్లు తెగుతాయి. మధ్యలో కడ్డీ ఉన్న మెషిన్ అయితే పట్టీలు, ఎలాస్టిక్ దానికి చుట్టుకుని ముందే చిరుగుతాయి.

మెషిన్ పనికొచ్చేది పూత లేని నూలు ఫ్లానెల్‌కు, ఇంటిలోపల వాడే సాగే కవర్లకు. అవి కూడా మధ్య కడ్డీ లేని పెద్ద ఫ్రంట్ లోడ్‌లో, డ్రమ్ము మూడో వంతు ఖాళీగా ఉండేలా, చల్లటి నీళ్లు, సున్నితమైన ఉతుకు, తక్కువ స్పిన్, అదనంగా ఒక జాడింపు. తువ్వాళ్లతో కలపొద్దు, దారపు నలకలన్నీ కవరుకు అంటుకుంటాయి.

ఎలా ఉతికినా కొన్ని ముందే చూసుకోండి. ప్లాస్టిక్ బకిల్స్ పెట్టి, పట్టీలను చుట్టి పాత మేజోళ్లలో దూర్చి ముడివెయ్యండి. రింగులు ఇత్తడివైతే గొడవ లేదు, పూత వేసిన ఇనుపవైతే తడిగా వదిలేసినప్పుడు చుట్టూ తుప్పు మరక దిగుతుంది. ఉతికిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. అంచులో అయస్కాంతాలు కుట్టిన కవర్లు ఉంటాయి. వాటికి బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి గడ్డంలా పట్టుకుని ఉంటుంది, నీళ్లతో పోదు. అంటుకునే టేపు నొక్కి లాగితే వస్తుంది. దాన్ని తియ్యకుండా కవరు వేస్తే తలుపు కింది అంచుల్లో గీతలు ఖాయం.

ప్రెషర్ వాషర్ వాడకండి. కుట్ల మీద లోపలివైపు అంటించిన టేపును అది ఎత్తేస్తుంది. టేపు లేచిన కుట్టు దగ్గర నీరు కారుతుంది, ఆ ఒక్కచోటే పెయింటు మీద మచ్చలు వస్తాయి, కారణం తెలియక జుట్టు పీక్కోవాల్సి వస్తుంది.

ఇంకో మాట. ఉతకడానికి ముందు రూఫ్ మీద ఎక్కువ ఎండ తగిలే భాగాన్ని బొటనవేలితో గట్టిగా రుద్ది చూడండి. పొడి రాలినా, పీచు లేచినా పాలీప్రొపిలీన్ ఎండకు చితికిపోయినట్టే. ఉతికితే అక్కడే చిరుగుతుంది. దులిపి వాడుకుని, అయినన్నాళ్లయ్యాక మార్చుకోవడమే.

బూడిదరంగు సెడాన్

పరీక్షలు చేశాను. పై పొరలో దారాల అల్లిక ఉంది, ముక్క మునిగింది, ఊదితే గాలి దాటలేదు. అంటే పూత వేసిన పాలిస్టర్, మెషిన్ ఆలోచన మానేశాను. వేలితో రుద్దితే పొడి రాలలేదు గానీ వేలికి లేతగా వెండిరంగు అంటింది. అది ప్రమాదమా?

రెండోది, కారు మీదే కడిగే సంగతి ఎవరూ చెప్పలేదు.

నురగ

పూతలో ఉండేది అల్యూమినియం పొడి. కొంచెం అంటడం మామూలే. పెచ్చులుగా ఊడితే, తాకితే జిగటగా ఉంటే మాత్రం పూత చెడిపోయినట్టు. పాలీయురిథేన్ పూత తడి, వేడి కలిసిన చోట ఏళ్ల తరబడి మడిచి పెడితే తేమతో చర్య జరిగి విడిపోతుంది. పుల్లటి వాసన, జిగట దాని గుర్తులు. ఉతుకుతో బాగయ్యేది కాదు. టాల్కం పౌడర్ చల్లి జిగట తగ్గించుకునేవాళ్లున్నారు, అలాంటి కవరు పెయింటు మీద వెయ్యడం నాకైతే సరైన పని కాదు.

మీ కవరుకు వాషింగ్ సోడా, ఆక్సిజన్ బ్లీచ్ పొడులు వాడకండి. క్షారానికి అల్యూమినియం కరుగుతుంది, వెండిరంగు మసకబారుతుంది, ఎండను తిప్పికొట్టే గుణం పోతుంది. తటస్థంగా ఉండే లిక్విడ్ డిటర్జెంటే మంచిది.

కారు మీద కడగడం అంటారా, పూత ఉన్న కవరుకు పర్లేదు. పైపుతో తక్కువ ధారగా, రూఫ్ నుంచి కిందికి, బ్రష్ లేకుండా దుమ్ము పోగొట్టుకోవచ్చు.

పాలిష్ గుడ్డ

నేను ఒప్పుకోను. పూత ఉన్నా కుట్టు రంధ్రాలు, అద్దాల జేబులు, యాంటెనా చోటు, కింది అంచు ఉంటాయి. పైపు నీళ్లు వాటిలోంచి దిగుతాయి. లోపల నూగు తడుస్తుంది, పైపూత ఉండడం వల్ల ఆ తడి పైకి పోదు. తడి నూగు, దాని కింద పెయింటు, పైన ఎండ. ఎండలో కారు లోహం బాగా వేడెక్కుతుంది, ఆ వేడికి కవరు కింద ఆవిరి పట్టిన గదిలా తయారవుతుంది. కొన్ని పెయింట్లపై మంచు పట్టినట్టు తెల్లటి మసక కనిపించేది ఇలాగే. నీళ్లలో ఉప్పులు ఎక్కువుంటే నూగు ఆనిన చోటల్లా చుక్కలు ఆరి గట్టిపడతాయి.

ఇంకో సంగతి, కింద కారు మురికిగా ఉందా శుభ్రంగా ఉందా అన్నది కవరు వేసి ఉంటే కనిపించదు. నీటి బరువుతో కవరు పెయింటుకు అతుక్కుని, గాలికి కదిలినప్పుడు తడి ఇసుకకాగితం రుద్దినట్టే.

నురగ

కడిగిన వెంటనే తీసి ఆరేయాలన్నది నేను రాయలేదు, తప్పు నాదే. నా ఉద్దేశం కడిగి అక్కడే వదిలేయమని కాదు. కారు కడిగి శుభ్రంగా ఉన్నప్పుడు, నీడలో, కవరు పైదుమ్ము మాత్రమే పోగొట్టడానికి, వెంటనే తీసేస్తాం అంటే చెయ్యొచ్చు. ఊదితే గాలి దాటే రకం అయితే అదీ వద్దు, మట్టినీళ్లు నేరుగా దిగుతాయి.

పాలిష్ గుడ్డ

ఆ షరతులన్నీ పాటించేంత ఓపిక ఉంటే తీసి నేల మీద కడగడమే సుఖం. అయినా సరే, ఒప్పుకుంటున్నాను.

కొత్తగా పెయింటు వేయించిన కారు అయితే ఉతికిన కవరైనా సరే తొందరపడి వెయ్యొద్దు. పెయింటులోని ద్రావకాలు బయటికి పోవడానికి సమయం పడుతుంది, కనీసం 30 రోజులు ఆగాలని సాధారణంగా చెబుతారు. వేసినవాళ్లు ఇంకా ఎక్కువ చెబితే వాళ్ల మాటే వినాలి.

ఆరిన కవరు తిరిగి వేసేటప్పుడు సైలెన్సర్ చల్లారిందో లేదో చూడండి. వేడి గొట్టానికి ఆనితే కృత్రిమ గుడ్డ ఏదైనా కరిగి అతుక్కుంటుంది.

మరకల డబ్బా

మరకలు ఉతుకుకు ముందే తీసెయ్యాలి, ఒక్కోదానికీ ఒక్కో తీరు.

పిట్టల రెట్టను గోకొద్దు. అందులో ఇసుక పలుకులు, గింజ పెంకులు ఉంటాయి, గోకితే పూత లేస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డను దాని మీద పరచి 10 నిమిషాలు ఉంచండి. మెత్తబడ్డాక గుడ్డతో చిటికె పట్టినట్టు ఎత్తేయండి. మిగిలిన మరకకు డిటర్జెంట్ నీళ్లు చాలు.

చెట్టు జిగురు నీళ్లతో పోదు. ముందు ఐసు ముక్కను ప్లాస్టిక్ సంచిలో వేసి జిగురు మీద పెట్టి గట్టిపడేలా చేసి, పలుచటి ప్లాస్టిక్ కార్డుతో పెళ్లగించండి. మిగిలిన పొరకు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో అద్దండి. ముందు కనపడని అంచులో తెల్లగుడ్డతో పరీక్ష చెయ్యాలి. రంగు గానీ వెండి గానీ గుడ్డకు అంటితే అక్కడే ఆపేయండి. పెట్రోలు, థిన్నర్ జోలికి వెళ్లొద్దు, పూతను ఉబ్బించి ముడతలు పెడతాయి.

అంచులో నల్లచుక్కలు బూజు. పొడిగా ఉండగా బయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని బ్రష్‌తో దులపండి. తర్వాత తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు కలిపి తడిపి, అరగంట ఉంచి కడగండి. వాసన పోతుంది. నల్లమచ్చ పూర్తిగా పోకపోవచ్చు, అది రంగు మిగులు, దాంతో పెయింటుకు నష్టం లేదు. వెనిగర్ వాడిన చోట క్లోరిన్ బ్లీచ్ తగలనివ్వకండి, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. ఎలాగూ మీ కవరుకు బ్లీచే వద్దు.

బూజు మళ్లీ మళ్లీ అంచులోనే వస్తోందంటే మరక సమస్య కాదు, ఆరబెట్టడం సమస్య. ఎలాస్టిక్ చుట్టూ నాలుగు మడతల గుడ్డ ఉంటుంది కదా, మిగతా కవరంతా గలగలలాడేలా ఆరినా అక్కడ తడి ఉండిపోతుంది.

దండెం

ఆరబెట్టడం గురించి రాస్తాను, సగం కవర్లు పాడయ్యేది ఇక్కడే.

ముందు పిండొద్దు. తాడులా మెలితిప్పితే పూత పగులుతుంది, ఆ పగుళ్లు కంటికి కనిపించవు, వాన పడ్డప్పుడు తెలుస్తుంది. పరిచిన కవరును వాలు వైపు చుట్టుకుంటూ మోకాళ్లతో నొక్కితే చాలా నీళ్లు కారిపోతాయి. నూగు ఉన్న 2.9 కిలోల కవరు తడిసినప్పుడు 6, 7 కిలోలు తూగడం మామూలే. ఆ బరువును ఒక్క సన్నటి తీగ మీద వేస్తే మధ్యలో గీతలా మడత పడి పూత అక్కడే విరుగుతుంది.

రెండు దండేలు కావాలి, ఒకదానికొకటి సమాంతరంగా, మధ్యలో 80 సెంటీమీటర్ల ఎడం. సెడాన్ కవరు అడ్డంగా పరిస్తే సుమారు 4 మీటర్లు వస్తుంది. రెండు దండేల మీద వేస్తే పైన 80 సెంటీమీటర్లు పోగా ఇరువైపులా 1.6 మీటర్ల చొప్పున వేలాడుతుంది. కాబట్టి దండెం ఎత్తు 1.8 మీటర్లు ఉంటే అంచు నేలకు తగలదు. ఒకే దండెం అయితే ఇరువైపులా 2 మీటర్లు దిగుతుంది, 2.2 మీటర్ల ఎత్తు కావాలి, అదీగాక రెండు పొరలూ అతుక్కుని మధ్యలో గాలి ఆడదు. తాడు పైన పాత సైకిల్ ట్యూబో, నీళ్ల పైపు ముక్కో చీల్చి తొడిగితే మడత గుండ్రంగా ఉంటుంది. దండెం ముందే తుడవండి, తుప్పు తీగ అయితే నూగు మీద గోధుమరంగు చార దిగుతుంది.

మొదట నూగువైపు బయటికి ఉండేలా వెయ్యండి. నీళ్లు పట్టుకున్నది అదే, పూత దాటి ఆరలేదు. అద్దాల జేబులు తిరగేసి క్లిప్పులతో పైకి పెట్టండి, లేకపోతే చెరో గ్లాసుడు నీళ్లు అందులోనే నిలుస్తాయి. కింది అంచు కొసలకు క్లిప్పులు పెట్టి విడిగా ఇంకో తాడుకు లాగి కడితే ఎలాస్టిక్ ముడుచుకోకుండా విచ్చుకుని ఉంటుంది. ఈ ఒక్క పని చేస్తే అంచు ఆరే సమయం బాగా తగ్గుతుంది.

నీడ, గాలి ఉన్న చోటు ముఖ్యం. ఎండను తట్టుకునే మందు పైపొరకే కలుపుతారు, లోపలి నూగుకు ఉండకపోవచ్చు. నడి ఎండలో లోపలివైపు గంటలకొద్దీ పెట్టొద్దు. నూగు చేతికి పొడిగా తగిలాక తిరగేసి వెండివైపు ఎండకు పెట్టొచ్చు. గాలి లేని రోజు కింద ఫ్యాన్ పెడితే సరి, వేడి గాలి యంత్రం వద్దు. పొద్దువాలేలోపు తీసెయ్యండి, మంచు దిగితే మధ్యాహ్నమంతా ఆరినది మళ్లీ తడుస్తుంది. ముసురు రోజైతే అసలు ఉతకడం మొదలుపెట్టకండి.

ఆరిందో లేదో చేతితో తెలియదు, చల్లటి గుడ్డ కూడా తడిగానే అనిపిస్తుంది. అంచు మడతను రెండు పొరల టిష్యూ కాగితం మధ్య పెట్టి 30 సెకన్లు గట్టిగా నొక్కండి. కాగితం మీద తడిమచ్చ కనిపిస్తే ఇంకా ఆరాలి. కనీసం ఆరు చోట్ల చూడండి, ముఖ్యంగా ముందు, వెనక బంపర్ మూలల దగ్గర. అక్కడ ఎలాస్టిక్ ఎక్కువ.

మీ దగ్గర త్రాసు ఉంది కాబట్టి ఇంకా తేలిక. గంట తేడాతో రెండుసార్లు తూచండి. బరువు మారకపోతే ఆరినట్టు. పాలిస్టర్ గాలిలోని తేమను 0.4 శాతం దగ్గరే పీల్చుకుంటుంది కాబట్టి ఈ లెక్క నమ్మొచ్చు. నూలు 8 శాతం పైనే పీల్చుకుంటుంది, నూలు కవరుకు త్రాసు చూపించే అంకె వాతావరణాన్ని బట్టి ఊగుతుంది.

బూడిదరంగు సెడాన్

అలాగే ఉతికాను, సీసా పరీక్షకు నాలుగుసార్లు జాడించాల్సి వచ్చింది. ఐదు గంటలు ఆరాక 3.05, ఆరు గంటలకు 2.96, ఏడు గంటలకు 2.84, ఎనిమిదికీ 2.84. మొదటి బరువు 2.9 కంటే తగ్గింది, త్రాసు తప్పా?

బంపర్ మూలల్లో టిష్యూ మీద ఇంకా లేతగా మచ్చ పడుతోంది. నీటి చుక్క వేస్తే ముందులా ముత్యంలా నిలవకుండా రూఫ్ భాగంలో పరుచుకుంటోంది.

దండెం

త్రాసు తప్పు కాదు, ఆ 60 గ్రాములు మీరు కడిగేసిన మట్టి. అందుకే మొదటి బరువుతో పోల్చొద్దు, రెండు వరుస తూకాలనే పోల్చాలి.

అయినా టిష్యూ మీద మచ్చ పడుతోందంటే టిష్యూనే నమ్మండి. మూలల్లో ఉన్న తడి పది పదిహేను గ్రాములే కావచ్చు, మీ త్రాసు 10 గ్రాముల మెట్లలో చూపిస్తుంది, గంటలో పోయే ఒకటి రెండు గ్రాములు దానికి అందవు. మూలల్ని లోపలివైపు బయటికి తిప్పి, ఎలాస్టిక్ సాగదీసి కుర్చీ వెన్నుకు తొడిగి రాత్రంతా ఇంట్లో ఫ్యాన్ కింద ఉంచండి. మిగతా భాగం మడవకుండా వదులుగా కుప్పగా ఉన్నా పర్లేదు.

నురగ

చుక్క పరుచుకోవడానికి కారణాలు రెండు. సబ్బు మిగిలి ఉండొచ్చు, లేదా పైన ఉండే నీటిని జార్చే పొర అరిగి ఉండొచ్చు. రూఫ్ మీద మాత్రమే అలా ఉండి, పక్కల ముత్యంలా నిలుస్తోందంటే సబ్బు కాదు, ఎండకు అరిగింది. చుక్క పరుచుకున్నంత మాత్రాన నీరు దిగుతున్నట్టు కాదు. లోపలివైపు టిష్యూ పెట్టి, పైన అర కప్పు నీళ్లు పోసి 10 నిమిషాలు చూడండి. టిష్యూ పొడిగా ఉంటే పూత బాగుంది, ఏమీ చెయ్యనక్కర్లేదు.

తడిస్తే గుడ్డల కోసం అమ్మే నీటిని జార్చే స్ప్రే, నీటి ఆధారితమైనది, పైవైపు మాత్రమే 20 సెంటీమీటర్ల దూరం నుంచి రెండు పలుచటి పూతలు, మధ్యలో ఆరనిస్తూ. సిలికోన్ స్ప్రే వద్దు. అది నూగు ద్వారా కారుకు అంటితే తర్వాత ఎప్పుడైనా పెయింటు వేయించేటప్పుడు రంగు అంటక గుండ్రటి గుంటలు పడతాయి. స్ప్రే కొట్టాక కనీసం ఒక పూర్తి రోజు ఆరనిచ్చి, అప్పుడు కారు మీద వెయ్యండి.

కుట్టుబల్ల

అంచు పూర్తిగా ఆరాక ముందువైపు అంచు మధ్యలో రంగుదారంతో నాలుగు కుట్లు వేసి పెట్టుకోండి. ఏది ముందో వెతుక్కుంటూ కవరును కారు మీద అటూ ఇటూ తిప్పే పని తప్పుతుంది. దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచి వద్దు, నూలు సంచి మేలు. మడతలు ప్రతిసారీ ఒకేచోట పడకుండా మార్చి మార్చి మడవండి.